తగ్గిన బరువు తిరిగి వచ్చుట

శ్రమదినములలో ఉపవాసముండి నాలుగైదు కిలోలు తగ్గినవారు పునరుత్థాన పండుగ గడచిన కొలదికాలమునకే పూర్వపు బరువునకు వచ్చుట కలదు. అట్టివారిని లోకులు నోరు కట్టుకొనలేనివారని నిందింతురు. ఈ నింద న్యాయము కాదని మా అభిప్రాయము.

1944వ సంవత్సరమున అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమునందు ఆన్సెల్ కీస్ పండితుడు ఒక శోధన ఆరంభించెను. మనస్సాక్షినిబట్టి ఆయుధము పట్టనొల్లని 36 మంది యువకులు దానికి స్వయముగా సమ్మతించిరి. వారిలో అనేకులు శాంతిని బోధించు క్రైస్తవ సంఘములవారు. ఆరు నెలలు అర్ధాహారముతోనుండి బరువులో ఇంచుమించు నాలుగవ వంతు కోల్పోయిరి. వారి దేహములు తమ వ్యయమునుగూడ కుదించుకొనెను. అంతటి నిష్ఠాపరులే వంట పుస్తకములు చదువుచు, పళ్లెములు నాకిరి! నియమము తీరిన పిమ్మట కడుపు నిండినను ఆకలి తీరక తినిరి. ఇది శరీరధర్మముగాని దుర్గుణము కాదు.

కాబట్టి హఠాత్తుగా కడుపు మాడ్చుకొనుటను మేము మెచ్చము. అన్నము ఒక హస్తము తగ్గించి, పప్పును ఆకుకూరను హెచ్చించి, వేపుడునకు మారుగా పులుసు వండుకొనుట మేలు. దినదినము త్రాసు నెక్కినచో ఒంటిలోని నీటి హెచ్చుతగ్గులకే గుండె జారును, వారమునకొకసారి చాలును.

మన ఇండ్లలో అసలు చిక్కు వేరు. ఒక ముద్ద తగ్గించినచో తల్లి అలుగును. చుట్టము వద్దన్నకొలది వడ్డింతుము. (క్రొత్త ఆవకాయ నాటి సంగతి చెప్పనేల!) ఒక్కరికి చప్పిడి కూడు పెట్టి, తక్కినవారు ఎదుట కూర్చుండి వేపుళ్లు తినుట క్రూరము. మారినచో ఇంటి వంటయే మారవలెను. ఎదుగు బిడ్డలను మాత్రము పస్తుంచరాదు. తోటి పిల్లను "పీపా" అని వెక్కిరించు విద్యార్థిని మా తరగతిలో మేము సహింపము.