తలపాగా జనానిది, పతకం జవానుది



పెళ్ళి ఊరేగింపుల్లో, హోటళ్ళ గుమ్మాల దగ్గర, బ్యాండుమేళాల్లో సిపాయిల మాదిరి తలపాగాలు కట్టుకోవడం సైన్యాన్ని అవమానించడమేననీ, ప్రభుత్వం దీన్ని నిషేధించాలనీ మీ పత్రిక పాఠకులొకరు ఇటీవల రాశారు. వారికి సైన్యం మీదున్న గౌరవాన్ని నేను శంకించను. కానీ పట్టుకోవలసిన దొంగను వదిలేసి పక్కింటివాణ్ణి పట్టుకున్నట్టుంది వారి వాదన. నేను ట్యాంకుల దళంలో ఇరవై నాలుగేళ్ళు పనిచేసి దఫేదారుగా రిటైరయ్యాను. మా మేనమామ జిల్లా కలెక్టరు గారి దగ్గర దఫేదారు. ఒకే ఇంట్లో ఇద్దరు దఫేదార్లం కాబట్టి ఈ సంగతి మాట్లాడే హక్కు కొంత నాకుందనుకుంటాను.

అసలు దఫేదారు అన్నది గుర్రపు దళాల హోదా. కాల్బలంలో హవల్దారు ఎంతో, గుర్రపు దళంలో దఫేదారు అంత. గుర్రాలు పోయి ట్యాంకులొచ్చినా ఆ పేరు మాకు అలాగే ఉంది. అదే మాట కలెక్టరు కచేరీలోకీ నడిచొచ్చింది. తెల్లకోటు, భుజం మీదుగా ఎర్ర పట్టీ, దాని మీద ఇత్తడి బిళ్ళ, పైన తలపాగా. బిళ్ళ బంట్రోతు అని తేలిగ్గా అనేస్తాం గాని, బంట్రోతు అన్న మాటలోనే బంటు ఉన్నాడు. జమేదారు కూడా అంతే. 1965 దాకా మన సైన్యంలో అదొక హోదా, ఆ తర్వాత నాయబ్ సుబేదారుగా మారింది. కచేరీల్లో మాత్రం జమేదారు జమేదారుగానే మిగిలాడు.

మా మామయ్య పొద్దున్నే పాగా చుట్టుకోవడం మా ఇంట్లో ఒక వేడుక. గంజి పెట్టిన గుడ్డ ఒక కొస తను పట్టుకునేవాడు, రెండో కొస పట్టుకుని అత్తయ్య వసారా అవతలిదాకా వెళ్ళి నిలబడేది. మడత చెడితే మళ్ళీ మొదటి నుంచి చుట్టాల్సిందే. ఆయన అలా వీధిలోకి వస్తే దఫేదారు గారు అన్నారే గాని, సిపాయి అనుకున్నవాళ్ళు మా ఊళ్ళో ఒక్కరూ లేరు. మాది తాడేపల్లిగూడెం ప్రాంతం. సిపాయిల ఊరుగా పేరుపడ్డ మిలటరీ మాధవరం మాకు కూతవేటు దూరం. అసలు సిపాయి ఎలా ఉంటాడో మా వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు.

తలపాగా సైన్యానిది, జనం దాన్ని అనుకరిస్తున్నారు అన్న మాటే తలకిందులుగా ఉంది. సైన్యమే జనం దగ్గర తీసుకుంది. పెద్ద హోటలు గుమ్మంలో నిలబడే మనిషి పాగాని గమనించండి. మధ్యలో కోసుగా నిలిచే కుళ్ళాయి, చుట్టూ పాగా, పైకి విచ్చుకున్న తురాయి, వీపు మీదికి జారే కొస. కుళ్ళాయి గాని తురాయి గాని మనకి దొరల దండు నేర్పిన మాటలు కావు. శ్రీనాథుడు రాజసభకు వెళ్ళడానికి కుళ్ళాయి పెట్టుకోవలసి వచ్చిందన్న కథ తెలుగువాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటున్నదే. కలికితురాయి అన్న మాట ఇవాళ్టికీ పత్రికల్లో కనపడుతూనే ఉంటుంది. ఊళ్ళలో ఉన్న ఈ కట్టునే తీసుకుని ఈస్టిండియా కంపెనీ దండులూ, ఆ తర్వాత బ్రిటిషు గుర్రపు దళాలూ తమ రంగులు అద్దుకున్నాయి.

ఆ దండుల్లో మనవాళ్ళే ముందున్నారు. కంపెనీ సేనాని క్లైవు వెంట మద్రాసు నుంచి బెంగాలు వెళ్ళిన సిపాయిలను అక్కడి జనం తిలంగాలన్నారు. తెలుగు దేశం పేరే సిపాయికి పేరయింది. 1857లో ఢిల్లీకి చేరిన తిరుగుబాటు సిపాయిలు అవధ్, బీహారు వాళ్ళయినా, ఢిల్లీ జనం వాళ్ళని తిలంగాలనే పిలిచారు.

జనం తలపాగా మీద సైన్యం పెత్తనం చేస్తే ఏమవుతుందో రాయవేలూరు కోట చెబుతుంది. మద్రాసు సైన్యాధిపతి సర్ జాన్ క్రడాక్ 1805 నవంబరులో వేషధారణ మీద కొత్త ఉత్తర్వు తెచ్చాడు. సిపాయిలు నొసట బొట్టు పెట్టకూడదు, గడ్డం గీసుకోవాలి, మీసం అందరూ ఒకే తీరుగా కత్తిరించుకోవాలి, పాత పాగా తీసేసి తోలు తురాయి ఉన్న కొత్త టోపీ పెట్టుకోవాలి. ఆ తోలు ఏ జంతువుదోనని హిందువులకీ ముస్లిములకీ అనుమానం పుట్టింది. దొరల టోపీ నెత్తిన పెట్టడమంటే మతం మార్చడమేనని భయపడ్డారు. ఎదురు చెప్పినవాళ్ళలో ఇద్దరికి తలో తొమ్మిదివందల కొరడా దెబ్బలు పడ్డాయి. 1806 జులై 10న తెల్లవారకముందే సిపాయిలు తిరగబడ్డారు. టిప్పు సుల్తాను కొడుకులు ఆ కోటలోనే నిర్బంధంలో ఉండడమూ ఒక కారణమే గాని, నిప్పు రాజుకున్నది టోపీ దగ్గరే. ఆర్కాటు నుంచి బ్రిటిషు అధికారి గిలెస్పీ గుర్రపు దళంతో వచ్చి ఆ ఒక్కరోజులోనే అణిచేశాడు. వందల మంది సిపాయిలు చనిపోయారు. ఆఖరికి కంపెనీ టోపీ ఉత్తర్వును రద్దు చేసుకుంది. క్రడాక్‌నీ, గవర్నరు బెంటింక్‌నీ వెనక్కి పిలిపించింది. హైదరాబాదులో ఉన్న కంపెనీ దండులోనూ అప్పుడే అలజడి రేగితే అక్కడి అధికారి ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకుని చల్లార్చాడు. రాయవేలూరు సిపాయిలు ఇంటి నుంచి కట్టుకొచ్చిన పాగా కోసం ప్రాణాలు పోగొట్టుకున్నారు.

ఇవాళ్టి సంగతికి వస్తే, రిపబ్లిక్ డే నాడు బీఎస్ఎఫ్ ఒంటెల దళం కట్టే పాగా రాజస్థాన్ ఊళ్ళ పాగాయే. మా దళంలో మేం పెట్టుకున్న నల్ల బెరే కూడా పుట్టుకతో సైనికుల టోపీ కాదు, పిరనీస్ కొండల్లో గొర్రెల కాపరులు పెట్టుకునేది. ఇక సిక్కుల మాట చెప్పనే అక్కర్లేదు. రెజిమెంటులో కట్టిన దస్తారు పాగాయే సెలవులో ఇంటికొచ్చినా ఉంటుంది. రంజిత్ సింగ్ కాలంలో లాహోరు నుంచి నిజాం కొలువుకొచ్చిన సిక్కు సిపాయిల వారసులు హైదరాబాదు అత్తాపూర్‌లో సిక్కు ఛావనీ దగ్గర ఈనాటికీ ఉన్నారు. చక్కగా తెలుగు మాట్లాడతారు. వాళ్ళ తలపాగాల్లో సైన్యానిదెంత, ఇంటిదెంత అని ఏ పోలీసు విడదీయగలడు? సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1962 నుంచి 1967 దాకా రాష్ట్రపతి. అంటే త్రివిధ దళాలకూ సర్వాధిపతి. తన తెల్ల పాగాతోనే సైనిక వందనం అందుకున్నారు.

చట్టం కూడా ఇదే వివేకం చూపింది. భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ ప్రకారం సైనికుడు కానివాడు సైనికుడి దుస్తులను పోలిన దుస్తులు వేసుకున్నా, అలాంటి గుర్తు పెట్టుకున్నా మూడు నెలల దాకా జైలు, లేదా రెండు వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. కానీ తనను సైనికుడని జనం నమ్మాలన్న ఉద్దేశం ఉంటేనే అది నేరం. బ్యాండుమేళంలో సన్నాయి ఊదే మనిషికి ఆ ఉద్దేశం ఎక్కడిది? అదే యుద్ధ యూనిఫాం సంగతి వేరు. 2016 జనవరిలో పఠాన్‌కోట్ వైమానిక స్థావరం మీద దాడికొచ్చినవాళ్ళు సైనిక దుస్తుల్లోనే వచ్చారు. ఆ బట్ట బజారులో అమ్మవద్దని, మామూలు జనం వేసుకోవద్దని సైన్యం కోరింది న్యాయమే. 2022లో కొత్త మచ్చల యూనిఫాం తెచ్చి, ఆ డిజైను మీద హక్కులు కూడా రిజిస్టరు చేయించుకుంది. ఆ అచ్చు సైన్యం సొంతంగా తయారు చేసుకున్నది, కాబట్టి సైన్యానిదే. తలపాగాని అలా ఎవరి పేరా రిజిస్టరు చేయలేం.

ఇక నన్ను బాధపెట్టే సంగతి. నాతో పనిచేసిన ఒకాయన రిటైరయ్యాక హైదరాబాదులో ఒక పెద్ద హోటల్లో గుమ్మం దగ్గర ఉద్యోగానికి కుదిరాడు. కోటు, పాగా వాళ్ళే ఇచ్చారు. పాగా ఆయన ఇష్టంగానే కట్టుకున్నాడు, వాళ్ళ తాత కూడా కట్టేవాడట. కానీ కోటు గుండె మీద నాలుగు రంగుల పట్టీలు, వాటికి వేలాడుతూ నాలుగు ఇత్తడి బిళ్ళలు. నాటకాల సామాన్ల దుకాణంలో కొన్న సరుకు. ఆయన అసలు పతకాలు ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉన్నాయి. తొమ్మిదేళ్ళ సర్వీసుది, ఇరవయ్యేళ్ళ సర్వీసుది, సైన్య సేవా పతకం. ఈ బిళ్ళలు తీసేయనివ్వండని మేనేజరుని రెండుసార్లు అడిగాడు. అతిథులు ఫొటోలు తీసుకుంటారు, ఉంటేనే నిండుగా ఉంటుందన్నారు. ఒకరోజు ఒక పిల్లవాడు వచ్చి, ఈ మెడల్ ఏ యుద్ధంలో వచ్చింది తాతా అని అడిగాడట. నిజంగా సరిహద్దులో కాపలా కాసిన మనిషి ఆ పసివాడికి జవాబు చెప్పలేక తల తిప్పుకోవలసి వచ్చింది. ఆ నెలాఖరుకే ఉద్యోగం మానేశాడు.

లేఖ రాసిన పెద్దమనిషి కోపం పోవలసింది ఇటువైపు. పతకం వెనక ఒక మనిషి గడిపిన చలి రాత్రులుంటాయి, కొందరి విషయంలో ప్రాణమే ఉంటుంది. రెజిమెంటు బ్యాడ్జి, భుజం మీద హోదా నక్షత్రాలు, ఛాతీ మీద పతకాలు ఎవరికి వారు సంపాదించుకోవలసినవి, దుకాణంలో కొనేవి కావు. వాటి నకళ్ళు అమ్మడాన్ని, అలంకారానికి తగిలించడాన్ని ఆపమని అడిగితే ఆ విన్నపం మీద మొదటి సంతకం నాదే.

హోటళ్ళ యాజమాన్యాలకు, పెళ్ళిళ్ళ ఏర్పాట్లు చూసేవారికి, బ్యాండుమేళాల వారికి నా మనవి ఒక్కటే. మీ మనుషులకు తలపాగాలు నిరభ్యంతరంగా కట్టించండి, తురాయి ఎంత పెద్దదైనా పెట్టించండి. ఛాతీ మీది ఆ ఇత్తడి బిళ్ళలు మాత్రం ఈ వారంలోనే తీయించేయండి.

ఇట్లు,
ఒక మాజీ దఫేదారు,
తాడేపల్లిగూడెం