కుందేలుకి రేకుల షెడ్డా?

మా విడపనకల్లు వైపు కొందరిని చూస్తున్నా. పిల్లలు అడిగారని బళ్ళారి నుంచి కుందేళ్ళ జత కొనుక్కొస్తారు. "ఇంట్లో కంపు" అని పెరట్లో రేకుల షెడ్డులో పడేస్తారు. మే నెలలో అవి చచ్చిపోతే "దిష్టి తగిలింది" అంటారు!

దిష్టి కాదు సార్, ఎండ. అనంతపురం జిల్లాలో ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం మామూలే. రేకుల కింద ఇంకా ఎక్కువ. కుందేలుకి మనలా చెమట పట్టదు. ఒంట్లో వేడి చాలావరకు చెవుల గుండానే పోవాలి. 30 దాటితేనే దానికి కష్టం. పెంపుడు కుందేళ్ళ పూర్వీకులు స్పెయిన్, పోర్చుగల్ వైపు చల్లటి బొరియల్లో బతికినవి. ఇంగ్లండులో పెరట్లో గూడు పెడతారని నెట్లో చదివి ఇక్కడా పెడితే ఎలా? ఎవడి సర్వర్ సెట్టింగులో తెచ్చి మన మెషీన్లో కాపీ పేస్ట్ చేసినట్టుంటుంది :)

కంపు అంటారా? కుందేలు సాధారణంగా ఒకే మూల మూత్రం పోస్తుంది. అక్కడ ట్రే పెట్టి రోజూ శుభ్రం చేస్తే కంపుండదు. వైర్లు కొరుకుతుందా? పైపులో దూర్చండి. మరి రాత్రిపూట షెడ్డు దగ్గరికి వీధికుక్కలొస్తే ఏం చేస్తారు?

అయినా మట్టి మిద్దెల్లో మేకపిల్లలు, కోళ్ళు మనుషులతోపాటే పడుకున్న ఊళ్ళు మనవి. టైల్స్ వేయించుకోగానే జీవాలంటే అసహ్యం వచ్చేసిందా?

ఇంట్లో ఒక మూల ఇవ్వలేనివాళ్ళు అసలు కొనొద్దు. నా మటుకు నాకు ఇంతకంటే మధ్యేమార్గం కనబడట్లేదు. మీరేమంటారు?