ఒక్క మార్కు మడ అడవి

అశోక్‌నగర్‌లో మడ అడవి విలువ ఒక్క మార్కు. ‘మిష్టి పథకం దేనికి సంబంధించింది?’ మడ అడవులకి. 2023-24 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. టిక్ పెట్టు, తర్వాతి బిట్ చూడు. మా రూమ్‌లో నేనొక్కడినే సాఫ్ట్‌వేర్, మిగతా ఇద్దరూ గ్రూప్స్ బ్యాచ్. వర్క్ ఫ్రమ్ హోమ్ రోజుల్లో వాళ్ల కరెంట్ అఫైర్స్ అంతా నా చెవిలోనే పడుతుంది.

వాళ్లలో ఒకడిది కాకినాడ పక్కన ఉప్పాడ. వాడికిది బిట్ కాదు. వాళ్ల తాత ఇల్లున్న చోట ఇప్పుడు అలలున్నాయి. ఒడ్డున రాళ్లు పోశారు, జియోట్యూబ్ గోడ కట్టారు, అదీ దెబ్బతింది. ‘‘మడ మొక్కలు నాటొచ్చుగా?’’ అన్నా. ‘‘అక్కడ బతకవురా’’ అన్నాడు.

నిజమే. మడకి బురద కావాలి, నెమ్మదిగా వచ్చిపోయే ఆటుపోట్లు కావాలి. ఉప్పాడది అలలు నేరుగా కొట్టే ఇసుక తీరం. కాస్త దక్షిణాన కోరింగలో కథ వేరు. అక్కడ గోదావరి ఒండ్రు ఉంది, అలల దెబ్బ కాయడానికి ముందు హోప్ ఐలాండ్ ఉంది.

నాకు బాగా నచ్చింది చేపముల్లు కాలువలు. గతంలో అడవి నరికేసిన చోట నేల ఎండి కుంగిపోతుంది. పెద్ద పోటుకి వచ్చిన నీళ్లు ఆ గుంటలో నిలిచి, ఆవిరై, ఉప్పు మిగులుతుంది. ఇక ఏ మొక్కా బతకదు. అందుకే ముందు ఒక పెద్ద కాలువ, దానికి ఏటవాలుగా పిల్ల కాలువలు తవ్వుతారు. నీళ్లు వచ్చిపోతుంటే ఉప్పు తగ్గుతుంది, అప్పుడు నాటుతారు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో స్వామినాథన్ ఫౌండేషన్, అటవీ శాఖ, ఊరివాళ్లు కలిసి ఇలాగే అడవిని తిరిగి తెచ్చారు. మొక్క నాటుతూ సెల్ఫీ దిగడం ఈజీ. కాలువ పూడిక తీయడం మాత్రం ఎవరి స్టేటస్‌లోనూ కనిపించదు.

గోడ ఎత్తు కట్టిన రోజు ఎంతో అంతే. మడ వేర్లు ఒండ్రుని పట్టి నేలని కొంచెం కొంచెంగా పైకి లేపుతాయి. సముద్రం పెరిగితే నేలా పెరుగుతుంది, ఒండ్రు వస్తేనే. అది చాలావరకు ఎగువ డ్యాముల్లోనే ఆగిపోతోంది, మన శ్రీరాంసాగర్‌తో సహా. పోనీ అడవి వెనక్కి జరుగుదామంటే చాలాచోట్ల రొయ్యల చెరువుల గట్లు అడ్డం.

ఉప్పాడకి మడ మందు కాదు కాబట్టి, ఇళ్లు లోపలికి మార్చడం గురించి ఇప్పుడే మాట్లాడాలని నా అభిప్రాయం. మావాడు ఇదే మాట నారాయణగూడ క్లాసుకి నడుస్తూ వాళ్ల నాన్నకి ఫోన్లో చెప్పాడు. ఆయన అడిగింది ఒక్కటే: ‘‘మరి పడవ ఎక్కడ కట్టుకోవాల్రా?’’