నిమ్ము అనేస్తే సరిపోదు

ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరినా, న్యుమోనియా వచ్చినా మనం 'నిమ్ము' అనేస్తాం. నాచారం ఈఎస్ఐ ఆసుపత్రిలో చూపించుకునే కార్మికుడికీ, ఉప్పల్‌లో కూర్చుని అమెరికా కేస్ షీట్లు చదివే మెడికల్ కోడర్‌కూ ఆ ఒక్క మాట చాలదు.

ఊపిరితిత్తిని కప్పిన రెండు పొరల మధ్య నీరు చేరడానికి గుండె జబ్బు, టీబీ, క్యాన్సర్... ఏదైనా కారణం కావొచ్చు. మన దగ్గర ముందు టీబీనే అనుమానిస్తారు. పరీక్ష లేకుండా మందులు మొదలెడితే మాత్రం విలువైన నెలలు పోతాయి.

ఎక్స్‌రేలో నీరుందని తెలుస్తుంది, ఎందుకుందో తెలీదు. అందుకే సూదితో నీరు తీసి ప్రొటీన్, ఎల్‌డీహెచ్, ఏడీఏ చూస్తారు. క్యాన్సర్ కణాల కోసం సైటాలజీకి పంపుతారు. క్యాన్సర్ ఉన్నా మొదటిసారి కణాలు దొరికేది సుమారు 60 శాతం మందిలోనే. నెగెటివ్ వచ్చిందని ఊరుకోకండి. నీరు మళ్లీ చేరుతుంటే పొర నుంచి ముక్క తీసి బయాప్సీ చేయాలేమో అడగండి.

ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఆ కణాలు కనిపిస్తే నాలుగో దశ కింద లెక్క. చికిత్సే మారిపోతుంది.

ఇక కోడర్లకు: క్యాన్సర్ నీరైతే జె90 కాదు, జె91.0. దానికంటే ముందు అసలు క్యాన్సర్ కోడ్ ఉండాలి. ఆసుపత్రిలో చేరిన రోగి విషయంలో ల్యాబ్ రిపోర్టు చూసి మీరే తేల్చేయొద్దు. డాక్టర్ రాయకపోతే క్వెరీ పంపండి.

రోగి ఇంటివాళ్లూ డిశ్చార్జ్ రోజున ఒక్క ప్రశ్న అడగాలి: "నీరు ఎందుకు చేరింది డాక్టర్ గారూ?" ఆ జవాబు కాగితం మీద రాయించుకోండి.