వాదా వాళ్లది, వాయిదా మనది

ఉర్దూలో వాదా అంటే ఇచ్చిన మాట. అదే లఫ్జ్ తెలుగులోకి వచ్చి వాయిదా అయ్యింది. కోర్టు వాయిదా, బాకీ వాయిదా. ఇచ్చిన మాట కాస్తా జరగని పనిగా ఎలా మారిందా అని చాలాకాలం అనుకునేవాణ్ణి. మా భాంజా ల్యాప్‌టాప్ కొనే తమాషా మూడేళ్లు చూశాక అర్థమయ్యింది.

వాడిది గుంటూరులో ఇళ్ల ప్లాన్లు గీసే పని. మేస్త్రీలు, చిన్న బిల్డర్లు వాడి గిరాకీలు. ఇదివరకు కాగితం మీద నక్షా గీసిస్తే సరిపోయేది. ఇప్పుడు ఇల్లు కట్టుకునే ఆసామి ముందు ఎలివేషన్ త్రీడీలో తిప్పి చూపించమంటాడు. బాల్కనీ రంగు మార్చి మళ్లీ తిప్పమంటాడు. వాడి దగ్గరున్నదేమో ఎక్కడో ఏదో ఆఫీసువాళ్లు వాడి వదిలేసిన బిజినెస్ ల్యాప్‌టాప్. ఎనిమిదో తరం ఇంటెల్ చిప్పు, యూహెచ్‌డీ 620 గ్రాఫిక్స్, 8 జీబీ ర్యామ్. కీబోర్డు బహుత్ ఖూబ్. ఒళ్లు ఇనుము. కానీ ఆసామి ముందు ఇల్లు తిప్పితే బొమ్మ ఆగి ఆగి, ముసలి ఎద్దుబండిలా తిరిగేది.

2023లోనే కొత్తది కొనమన్నాను. "మామూ, డిసెంబర్‌లో కోర్ అల్ట్రా వస్తోంది, గ్రాఫిక్స్ జబర్దస్త్‌గా ఉంటుందట" అన్నాడు. సరే, వచ్చింది. ఖరీదు చూసి, వచ్చేది ఇంకా బాగుంటుందన్నాడు. 2024 సెప్టెంబర్‌లో లూనార్ లేక్ వచ్చింది. అందులో మెమరీ చిప్పు పక్కనే అతికేసి వస్తుంది, 32 జీబీ దాటదు, తరవాత పెంచుకోలేం. అది నచ్చలేదు. ఆ తరవాత ప్యాంథర్ లేక్ కోసం ఇంతెజార్. ఈలోగా ఒక బిల్డర్, ఆరు ఇళ్ల వెంచరు, వాడి స్క్రీన్ ముందు పావుగంట కూర్చుని, లేచి వెళ్లి పని ఇంకొకడికిచ్చాడు. ఆ నుక్సాన్ ఏ హిసాబులో రాయాలి? ఇంతెజార్ చేస్తే డబ్బు మిగిలిందనుకుంటాం. పోయిన గిరాకీ మాత్రం ఏ ఖాతాలోనూ కనపడదు.

అన్ని ఇంతెజార్లూ బేకార్ అని నేననను. 2020లో ఆగినవాళ్లు గెలిచారు. యూహెచ్‌డీ 620లో లెక్కలు చేసే యూనిట్లు 24. ఆ ఏడు పదకొండో తరంతో వచ్చిన ఐరిస్ ఎక్స్‌ఈలో, పై రకానికి, 96. అది మాటల్లో కాదు, పనిలోనే తెలిసిన ఫర్క్. 2022లో ఏఎండీ రైజెన్ 6000తో ఇచ్చిన రేడియాన్ 680ఎం కూడా అలాంటిదే. కానీ అలాంటి దూకుడు ఏటా రాదు. ఏటా వచ్చేది ఇష్తెహార్ ఒక్కటే.

ఆ ఇష్తెహార్‌లో దగా కాదుగానీ చిన్న అక్షరాల షరతులుంటాయి. ఐరిస్ ఎక్స్‌ఈ అనే పేరు రావాలంటే మెమరీ రెండు దారుల్లో నడవాలి. ఒక్కటే ర్యామ్ కర్ర పెడితే అదే చిప్పు ఉత్త యూహెచ్‌డీ అని చూపిస్తుంది. పేరుతోపాటు వేగమూ పోతుంది. ఎందుకంటే ఇలాంటి గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, మన ర్యామ్‌నే ఉధార్ తీసుకుంటుంది. ఉధార్ వచ్చే దారి ఇరుకైతే ఎంత పహిల్వాన్ అయినా ఏం చేస్తాడు? ప్యాంథర్ లేక్ సంగతీ చూడండి. 2026 జనవరిలో 12 గ్రాఫిక్స్ కోర్ల రకాన్ని చూపించి అందరి నోళ్లూ తెరిపించారు. అదే ఖాందాన్ పేరుతో 4 కోర్ల రకాలు కూడా ఉన్నాయి. ఆఫీసులు వేలల్లో కొనే మామూలు మోడల్‌లో ఏది పడుతుందో మీరే ఊహించుకోండి.

అసలు బాధ ఇక్కడుంది. బిజినెస్ ల్యాప్‌టాప్ మా భాంజాలాంటి వాళ్ల కోసం తయారు చేసేది కాదు. అది జమా ఖర్చులు, ఈమెయిళ్లు చూసుకునే ఆఫీసు ముస్తాబు. ఐటీ శాఖవాళ్లు మూడేళ్ల జామీనుతో కొంటారు, మూడు నాలుగేళ్లకి లాట్లుగా వదిలేస్తారు. ఆ ఉతరన్ సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి బజార్ల మీదుగా మన ఊళ్లకి చేరుతుంది. పెద్దింటి అబ్బాయి చొక్కా చిన్నింటి అబ్బాయికి వచ్చినట్టు. కాబట్టి ఈరోజు ఒక బ్యాంకు కొనుగోలు దఫ్తర్‌లో గుమాస్తా ఏ గ్రాఫిక్స్ చాలనుకుని దస్తఖత్ పెడతాడో, 2030లో గుంటూరు కుర్రాడు దానితోనే రోజీ సంపాదించుకోవాలి. ఇంతెజార్ కంపెనీవాళ్లకి ఒకటైతే మనకి రెండు.

మరి గేమింగ్ ల్యాప్‌టాప్ కొనొచ్చుగా అంటారు. రూపాయికి రూపాయి చూస్తే గ్రాఫిక్స్ అందులోనే ఎక్కువ, కాదనను. కానీ దాని చార్జరే ఒక ఇటుక. బ్యాటరీ సైటు దగ్గర పూట నిలవదు. పాతబడ్డాక కీబోర్డో హింజీయో పోతే సామాను దొరకడం కష్టం. బిజినెస్ మోడళ్లకి విప్పే పద్ధతి రాసిన కితాబు కంపెనీయే ఇస్తుంది, సామాను ఏళ్ల తరబడి బజార్లో ఉంటుంది. మెహనత్ చేసేవాడికి ఆ భరోసా చిన్నది కాదు. అందుకే ఆ ఇనుప ఒంట్లోనే కాస్త మంచి గ్రాఫిక్స్ పెట్టమని అడగడం షౌక్ కాదు, జరూరత్. మెమరీ కూడా అతికేయకుండా, మార్చుకునేలా ఉంచమనాలి. వేగమైన మెమరీ అతికితేనే కుదురుతుందని ఇన్నాళ్లూ చెప్పిన బహానా ఇప్పుడు చెల్లదు. స్క్రూలతో బిగించే ఎల్‌పీక్యామ్2 రకం 2024లోనే థింక్‌ప్యాడ్ పీ1లో వచ్చింది.

వచ్చేదాని కోసం జనం ఆగితే అమ్మేవాడూ మునుగుతాడు. ఆస్‌బోర్న్ అనే అమెరికా కంపెనీ 1981లో 11 కిలోల మోసుకెళ్లే కంప్యూటర్ అమ్మి పేరు సంపాదించింది. తరవాతి మోడల్ గురించి ముందే గొప్పలు చెప్పింది. ఉన్న సరుకు ఎవరూ కొనలేదని అంటారు, వేరే సబబులూ ఉన్నాయంటారు. మొత్తానికి 1983లో దివాలా. ఇప్పటి కంపెనీలు అంత అమాయకులు కారు. ఊరిస్తూనే ఉన్నది అమ్ముకుంటాయి.

చివరికి ఏం చేశామంటే, మెకానిక్ దగ్గర వెనక మూత విప్పించాం. రెండో ర్యామ్ చోటు ఖాళీ! టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిస్తే ఎన్ని చోట్లు నిండాయో అదే చెబుతుంది, మూడేళ్లలో ఒక్కసారీ చూడలేదు మేం. ఇంకో 8 జీబీ కర్ర పెట్టించాం. అదీ పాతదే, ఎందుకంటే ఏఐ డేటా సెంటర్ల ఆకలికి 2025 చివర్లో కొత్త మెమరీ ధరలు మండిపోయాయి. మూడేళ్లు ఆగి మేం మిగుల్చుకున్నది ఇదీ. ఇల్లు గిర్రున తిరగలేదు గానీ, ఆసామి ముందు పరువు నిలబడేలా తిరిగింది. ఆర్నెల్లు కిస్తీ కట్టే పద్ధతిలో ఒక పాత వర్క్‌స్టేషన్ ల్యాప్‌టాప్, విడిగా గ్రాఫిక్స్ ఉన్నది, బేరం కుదిరింది. వచ్చేవారం తెస్తాడు.

నిన్న రాత్రి మళ్లీ ఫోన్. "మామూ, వచ్చే ఏడు వచ్చేది చూశారా?" అన్నాడు. ఆ మేస్త్రీకి ఇవ్వాల్సిన ఎలివేషన్ పూర్తయిందా అని అడిగాను.