ముఖం మీద ఆగిన కెమెరా

గత సంచికలో టీవీ సీరియళ్ల చిత్రీకరణ శైలి మీద ఒక పరిశోధక విద్యార్థిని రాసిన వ్యాసం వేశాం. ఆమె దాన్ని ముందు ఒక సాహిత్య సదస్సుకు పంపితే, ఇది సాహిత్యం కిందికి రాదని ఒక్క వాక్యంతో తిప్పి పంపారట. అచ్చువేసిన పాపానికి మాకూ చివాట్లు వచ్చాయి. చందా ఆపేస్తామన్న పాత పాఠకులూ ఉన్నారు. మనసు కష్టపడింది.

ఆమె రాసింది ఒక్క సంగతి. అత్తగారు హాల్లో ఒక మాట అంటుంది. కెమెరా వెంటనే కోడలి ముఖం మీదికి, అక్కణ్ణుంచి మామగారికి, ఆడపడుచుకి, గుమ్మంలో నిలబడ్డ పనిమనిషికి వెళ్తుంది. ఒక్కో ముఖానికి ఒక్కో మోత. దీన్ని సాగదీత అని కొట్టిపారేస్తాం. రోజుకో భాగం ఇవ్వాల్సిన నిర్మాతకు అది సదుపాయమే. కానీ ఉమ్మడి కుటుంబంలో ఒక మాట బరువు, అది ఎంతమందికి తగిలిందో చూస్తేగాని తెలియదు. బుర్రకథలో వంతలు చేసేదీ ఇదే కదా! కథకుడు ఒక మాట అని ఆగితే, వాళ్లిద్దరూ అందుకుని, ఆశ్చర్యపోయి, ఎదురడిగి, ఆ మాట చివరి వరసలో కూర్చున్నవాడికి చేరేదాకా వదలరు. ఇక ఆ మోత అంటారా, స్టవ్ దగ్గర పప్పు కలుపుతూ కథ వింటున్న ఆమెను టీవీ ముందుకు రప్పించేది అదే.

రామానంద్ సాగర్ ‘రామాయణ్’ 1987 జనవరి నుంచి 1988 జులై దాకా దూరదర్శన్‌లో ఆదివారం ఉదయాల్లో వచ్చినప్పుడు ఇంగ్లీషు పత్రికల విమర్శకులు దాని నత్తనడకను ఎద్దేవా చేశారు. ఆ నడకలో పౌరాణికుల కథాప్రవచనాన్ని, ముఖాల మీద నిలిచే కెమెరాలో దైవదర్శనాన్ని గుర్తుపట్టి 1990లో వ్యాసం రాసింది ఫిలిప్ లట్గెన్‌డార్ఫ్ అనే అమెరికా పండితుడు. హరికథలు విన్న చెవులు మనవి. ఆ పని మనం చేయాల్సింది.

సీరియళ్లు ఆడవాళ్లను కించపరుస్తాయని ఒకరు రాశారు. నిజమే. ఎక్కడ కించపరుస్తున్నాయో చూపండి మరి! సంభాషణల్లో దొరకదు, అక్కడ కోడలు పౌరుషంగానే మాట్లాడుతుంది. భర్త చెంపమీద కొట్టగానే కెమెరా అతని చేతిని వదిలేసి ఆమె కన్నీటి మీద, ఆపైన మంగళసూత్రం మీద నిలుస్తుంది. వెనక వీణ మోగుతుంది. దెబ్బ తినడాన్ని అందంగా మార్చింది ఆ వీణ. శైలిని చదవడం రానివాడు ఈ నేరాన్ని ఎలా పట్టుకుంటాడు? ప్రబంధంలో ఒక వర్ణనకు ఇరవై పేజీల వ్యాఖ్యానం రాసే మన విమర్శకులు తమ ఇంటి హాల్లో రోజూ సాయంత్రం నడిచే కథనం వైపు కన్నెత్తి చూడరు. చూసేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు కావడం వల్లే ఇంత చులకన అని మా గట్టి నమ్మకం.

ఆ వ్యాసం రెండో భాగం వచ్చే సంచికలో వేస్తున్నాం. ఒక్క పేజీ తగ్గించం.