చెట్టు మనది, ప్రాణం వాళ్లది

కొబ్బరి రైతులం నలుగురం ఒకచోట చేరితే రెండే మాటలు. కాయకు ధర లేదు, దింపుకు మనిషి లేడు. ధర గురించి మన పత్రికలో నెలనెలా రాసుకుంటూనే ఉన్నాం, రోడ్డెక్కుతూనే ఉన్నాం. దింపు గురించి మాత్రం, తప్పంతా ఎక్కడో బయట ఉన్నట్టే మాట్లాడుతున్నాం. కుర్రాళ్లకు ఒళ్లు వంగడం లేదంటాం, అందరూ గల్ఫ్ పోతున్నారంటాం. కాళ్లకు ఒక బంధం, మొలలో ఒక కత్తి, అంతకుమించి ఏమీ లేకుండా యాభై అరవై అడుగుల చెట్టెక్కే పనికి మన కొడుకును మనం పంపుతామా? ఈ ప్రశ్న మనలో ఎంతమందిమి వేసుకున్నాం?

మా ఊళ్లో పోయిన వానాకాలం ఒక దింపు కార్మికుడు పడిపోయాడు. ఇరవై ఏళ్లుగా మా తోటలన్నీ ఎక్కినవాడే. ముసురు పట్టి మాను మీద పాచి ఉంది. ఆ రోజు వద్దని ఆయన అన్నాడు. లారీ వస్తుంది, ఈ పూటే కావాలని మేం అన్నాం. పైకి చేరి, గెల కోయడానికి ఒక చేయి వదిలాడు. రెండో చేత్తో పట్టుకున్నది ఎండుమట్ట. అది ఊడి వచ్చింది. ప్రాణం దక్కింది గానీ నడుము కింద చలనం పోయింది.

ఊరంతా చందాలు వేసుకున్నాం, బియ్యం బస్తాలు పంపాం. డబ్బు చేతికిచ్చినప్పుడు ఆయన భార్య ఒకటే మాటంది: "పడ్డాక ఇచ్చారండి. ఎక్కేముందు ఇచ్చుంటే ఈ మనిషి లేచి తిరిగేవోడండి." తరువాత కూర్చుని లెక్క వేసుకున్నాం. ఊళ్లో దింపుకెళ్లే వాళ్లందరికీ రక్షణ సామాను కొన్నా మిగిలేంత డబ్బు అది. అందుకే ఈ నెల ధర మాట పక్కనపెట్టి సామాను మాట రాస్తున్నాం.

ముందుగా ఒక సంగతి తెలుసుకోవాలి. చెట్టెక్కడానికి సాయం చేసే యంత్రం వేరు, పడకుండా ఆపే సామాను వేరు. కేరళ నుంచి వచ్చిన చెంబేరి రకం యంత్రం మనలో చాలామంది చూసే ఉంటారు. రెండు ఇనుప చట్రాలు, మాను చుట్టూ తిరిగే ఇనుప తాడు. ఒక్కో కాలూ ఎత్తి వేస్తూ పైకి పోవచ్చు. మోకాళ్లకు, అరికాళ్లకు శ్రమ తగ్గుతుంది. కేరళలో ఆడవాళ్లు కూడా నేర్చుకుని ఎక్కుతున్నారు. కానీ పైన చేయి జారితే మనిషిని పట్టి నిలిపేది ఆ చట్రం కాదు, విడిగా ఒంటికి కట్టుకునే బెల్టు. యంత్రం కొని బెల్టు మానేస్తే సగం డబ్బు పెట్టి మొత్తం ప్రాణాన్ని పందెం కాసినట్టే.

ఆ బెల్టులోనూ రకాలున్నాయి. నడుముకు మాత్రమే కట్టేది చవక. కానీ మనిషి జారితే బరువంతా పొట్ట మీద, వెన్ను మీద పడుతుంది. తొడలకూ భుజాలకూ పట్టీలు ఉండే హార్నెస్ అయితే ఆ దెబ్బ ఒళ్లంతా పంచుకుంటుంది. కొనేటప్పుడు ఐఎస్ 3521 అనే గుర్తు ఉందో లేదో చూడాలి. బెల్టులకు, హార్నెస్‌లకు మన దేశంలో ఉన్న ప్రమాణం అదే. బజారులో పట్టీ నిగనిగలాడితే చాలదు, కుట్లు చూడాలి.

మాను చుట్టూ వేసే తాడు లోపల ఉక్కు తీగ ఉన్నదైతే మేలు. పైన పని కత్తితో. ఒక్క వేటు తప్పి తగిలితే మామూలు తాడు తెగిపోతుంది. ఆ తాడు ఊరికే వదులుగా చుట్టినా లాభం లేదు. కొబ్బరి మాను కొమ్మలు లేని నున్నటి స్తంభం. మనిషి జారితే తాడు కూడా అతనితో పాటే కిందికి జారుతుంది. బరువు పడగానే మానును బిగించి పట్టే ముడి గానీ, ఉచ్చు గానీ ఉండాలి. తాళ్లు రెండు ఉండాలి. ఒకటి విప్పేముందు రెండోది తగిలించాలి. కొక్కెం దానంతటది తెరుచుకోనిది, తాళం పడేది కావాలి. తలకు ఐఎస్ 2925 గుర్తున్న హెల్మెట్, గడ్డం కింద పట్టీతో. మోటారు సైకిల్ హెల్మెట్ దీనికి పనికిరాదు. తలెత్తి చూడనివ్వదు, కిందివాళ్ల కేక వినపడనివ్వదు.

కొన్నాక వాడకం సంగతి. ఎక్కే ప్రతిసారీ కుట్లు, తాడు, కొక్కెం చేత్తో తడిమి చూడాలి. మనకు ఒక చెడ్డ అలవాటుంది. పాకలో ఒకే మూల పురుగుమందు డబ్బా, బ్యాటరీ, తాడు అన్నీ పడేస్తాం. బ్యాటరీ ఆమ్లం, మందులు, ఎండ నైలాన్‌ను తినేస్తాయి, పైకి మాత్రం కనపడదు. ఒకసారి మనిషి పడితే ఆపిన బెల్టును, తాడును మళ్లీ వాడకూడదు. బాగానే ఉంది కదా అని ఇంకొకరికి ఇవ్వకూడదు. కరెంటు తీగలకు దగ్గరున్న చెట్టయితే లైన్‌మన్ చేత సరఫరా ఆపించాకే ఎక్కాలి. కింద ఒక మనిషి, ఇంకొక సెట్టు సామాను తప్పకుండా ఉండాలి. బెల్టులో కదలకుండా వేలాడే మనిషికి రక్తం కాళ్లలోనే నిలిచిపోయి కొద్ది నిమిషాల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. పడకుండా ఆగాడు కదా అని చూస్తూ నిలబడకుండా వెంటనే దించాలి.

ఎక్కడం తేలికని మానుకు మెట్లు నరికే తోటలు ఇంకా ఉన్నాయి. కొబ్బరి మానుకు పడిన గంటు పూడదు. తెగుళ్లకు, పురుగులకు దారి అవుతుంది. అది చెట్టుకూ నష్టం, మనకూ నష్టం.

ఇక అసలు చిక్కు. సామాను ఇచ్చినా కార్మికులు వాడరని మనవాళ్లు అంటారు. ఎందుకు వాడరు? చెట్టుకింతని కూలి ఇస్తున్నాం కాబట్టి. బెల్టు కట్టుకుని, తాడు మార్చుకుంటూ ఎక్కితే పూటకు ఎక్కే చెట్లు తగ్గుతాయి, కూలీ తగ్గుతుంది. నిదానంగా ఎక్కు అని నోటితో చెప్పి, తొందరగా ఎక్కితేనే డబ్బు అని చేత్తో చెబుతున్నాం. సామానుతో ఎక్కే వాళ్లకు చెట్టు రేటు పెంచాలి, లేదా రోజు కూలి కట్టాలి. ధర లేని రోజుల్లో ఇది మనకు భారమే. కాదనం. కానీ దింపు ఆగిపోయి కాయ చెట్టు మీదే ఎండి రాలితే పడే భారం దీనికన్నా పెద్దది.

పొట్టి రకాలు వేస్తే ఈ బాధ ఉండదని కొందరి సలహా. అంబాజీపేట పరిశోధనా స్థానం నుంచి వచ్చిన గోదావరి గంగ లాంటి సంకర రకాలు వేసుకోవడం మంచిదే. అయితే ఇవాళ నిలబడి ఉన్న పొడుగు చెట్లను ఎవరు దింపుతారు? అవి ఇంకా ముప్పై నలభై ఏళ్లు కాస్తాయి.

ప్రభుత్వం తన వంతు తప్పించుకోకూడదు. తెలంగాణలో 2024 జులైలో గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం పేరుతో సామాను ఇచ్చి, శిక్షణ పెట్టారు. తాటిచెట్టుకు కుదిరింది కొబ్బరిచెట్టుకు ఎందుకు కుదరదు? కొబ్బరి అభివృద్ధి బోర్డు 2011 నుంచి కేరళలో కుర్రాళ్లకు యంత్రంతో ఎక్కడం నేర్పింది. చెట్టెక్కే వాళ్లకు కేర సురక్ష పేరుతో ప్రమాద బీమా కూడా పెట్టింది. మన ఊళ్లలో ఆ బీమా పేరు విన్న దింపు కార్మికుడు ఎవరైనా ఉన్నారా అని అడిగి చూడండి.

అడగాల్సినవి ఇవీ: ప్రతి మండలంలో శిక్షణ, పూర్తి సబ్సిడీపై సామాను, ప్రతి దింపు కార్మికుడి పేరు బీమాలో. దీనికి వ్యవసాయ కార్మిక సంఘాన్ని కలుపుకుని వెళ్దాం. ఇది వాళ్ల సమస్య, మనం వేరు అనుకుంటే ఇద్దరం ఓడిపోతాం.

అవి వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. మా ఊళ్లో రైతులం కలిసి రెండు సెట్లు కొన్నాం. సంఘం ఆఫీసులో పెట్టాం. దింపుకెళ్లేవాళ్లు సంతకం పెట్టి తీసుకెళ్తారు. వానలో, పాచి పట్టిన మాను ఎక్కమని ఎవరూ అడగకూడదని, లారీ వాడు వెళ్లిపోయినా సరేనని తీర్మానం రాసుకున్నాం. ఈ పని ఆయన పడకముందే చేసి ఉండాల్సింది. మీ ఊళ్లో ఇంకా ఎవరూ పడలేదంటే, మీకు ఇంకా సమయం ఉంది.